తప్పు ర్యామ్‌దే అన్నాను

మీ దగ్గర దాపరికమెందుకు, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నేను చేసిన తప్పుని చాలాకాలం పాటు దొరికిన ప్రతిదాని నెత్తినా రుద్దాను. మొదట మా ఊరి కరెంటు అన్నాను. తర్వాత కంపైలరు అన్నాను. ఆ తర్వాత ర్యామ్ అన్నాను, ఆ మాట మీదే నిలబడిపోయాను. పదిమందిలో చెప్పాను, పైవాళ్లకి రాసిచ్చాను, ఆఖరికి కొండెక్కి దేవుడికి కూడా విన్నవించుకున్నాను. మీరు క్షమిస్తారనే ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. కూర మాడితే గిన్నె పల్చననీ, పరీక్ష పోతే పేపరు కఠినమనీ అనని మనిషి ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా నాకింతవరకు తగల్లేదు.

నా పని ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో. మీ ఫోన్లో అయినా బ్యాంకు సర్వర్లో అయినా అన్ని ప్రోగ్రాములకీ మెమరీ పంచిపెట్టేదీ, డిస్కుతో నెట్‌వర్కుతో మాట్లాడేదీ, ప్రాసెసర్ మీద ఎవరి వంతు ఎప్పుడో తేల్చేదీ కెర్నెలే. అందులో ఒక స్టోరేజి పరికరానికి డ్రైవర్ రాయడం నా ఉద్యోగం. మామూలు ప్రోగ్రాములో తప్పుంటే ఆ ప్రోగ్రామొక్కటే పోతుంది. కెర్నెల్లో తప్పుంటే యంత్రం మొత్తం పోతుంది. ఈ మాట నేను పెళ్లిళ్లలో చెప్పేవాణ్ణి, భీమడోలు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు పక్కవాళ్లకి చెప్పేవాణ్ణి, అడగనివాళ్లకి ముందు చెప్పేవాణ్ణి. చెప్పేటప్పుడు గొంతు కాస్త బరువు చేసుకునేవాణ్ణి కూడా. "మావాడు లినక్స్ లోపలికి దిగి పనిచేస్తాడు" అని మా బాబాయి గూడెం మార్కెట్టంతా చాటింపు వేశాడు. నేను వద్దనలేదు.

2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు గది ఖాళీ చేసి ద్వారకా తిరుమల వచ్చేశాను. మేడ మీద గదిలో కూర్చుంటే కిటికీలోంచి కొండమీది గోపురం కనిపిస్తుంది. కంపెనీవాళ్లు పరీక్షలకని ఒక సర్వరు పెట్టెని ఇంటికే పంపారు. దాని ఫ్యాన్లు తిరగడం మొదలుపెడితే మా అమ్మ కిందనుంచి "ఒరేయ్, ఆ మోత ఆపరా, సీరియల్ వినపడట్లేదు" అని కేకేసేది. ఆపాల్సిన అవసరం చాలాసార్లు నాకు రాలేదు. అదే ఆగిపోయేది.

ఎలా ఆగిపోయేదో చెబుతాను. బాగా నడుస్తూ నడుస్తూ, ఏ అర్ధరాత్రో, ముందు చెప్పకుండా, కెర్నెల్ పానిక్ అని తెర మీద పడేసి బిగుసుకుపోయేది. ఒకసారి ఫైల్ సిస్టమ్ కోడ్‌లో. ఇంకోసారి నెట్‌వర్క్ కోడ్‌లో. మరోసారి నేను జన్మలో ముట్టుకోని యూఎస్‌బీ కోడ్‌లో. కావాలని చంపుదామని ఎంత హింసపెట్టినా చచ్చేది కాదు. వదిలేసి భోజనానికి దిగితే చచ్చేది. ఏ పానిక్‌లోనూ నా డ్రైవర్ పేరు లేదు. నేను పడిపోయింది అక్కడే. పేరు లేదు గనక పాపం నాది కాదనుకున్నాను.

కెర్నెల్లో మెమరీ కావాలంటే కేమలాక్ అని అడుగుతాం. అది సైజుల వారీగా గళ్లు చేసి ఉంచుతుంది: 64 బైట్లవి, 128, 192, 256, అలా. నేను 200 బైట్లు అడిగితే 256 బైట్ల గడి ఒకటి చేతిలో పెడుతుంది. పనయ్యాక కేఫ్రీ అని తిరిగిచ్చేస్తాం. ఆ గడి వెంటనే ఇంకొకరికి పోతుంది. ఫైల్ సిస్టమ్‌కి పోవచ్చు, నెట్‌వర్క్‌కి పోవచ్చు, ఆ సైజు అడిగిన ఎవరికైనా పోవచ్చు. తిరిగిచ్చేసిన గడి చిరునామా నా దగ్గర ఇంకా మిగిలిపోయి, అది నాదే అనుకుని నేను అందులో ఏదైనా రాశానా, చెడేది కొత్తగా తీసుకున్నవాడి లెక్క. వాడు ఆ చెడిన అంకెని నమ్ముకుని ఎప్పుడో చస్తాడు. తెర మీద పేరు వాడిదే పడుతుంది. మా కొల్లేరు వాళ్లకి ఇది విడమర్చక్కర్లేదు. ఒకాయన చేపల చెరువు గట్టు ఎత్తు చేసుకుంటే మునిగేది ఆయన చెరువు కాదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఉప్పుటేరు దాకా పోయే దారిలేక ఎగువనున్న ఇంకో ఊరి వరిచేను మునుగుతుంది. మునిగిన చేలో నిలబడి ఎంతసేపు చూసినా గట్టు వేసిన మనిషి కనిపించడు. 2006లో కొల్లేట్లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత లోపలి గట్లు ప్రభుత్వం కొట్టించినప్పుడు ఊరూరా నడిచిన తగువంతా ఈ గట్టు ఎవరిది, ఈ ముంపు ఎవరిది అనే కదా.

ఇదంతా నాకు తెలియక జరిగుంటే ఇంత బాధ ఉండేది కాదు. కొత్తగా చేరిన పిల్లలకి ఈ పాఠం చెప్పేది నేనే. 2008లో లినక్స్ 2.6.27 తయారవుతున్న రోజుల్లో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు కొన్ని ఉన్నట్టుండి పనికిరాకుండా పోయాయి. కార్డు లోపల శాశ్వతంగా ఉండాల్సిన సమాచారమే చెడిపోయింది, రీబూట్ చేసినా లేవలేదు. లోకమంతా ఆ కార్డు డ్రైవరైన ఇ1000ఇ మీద పడింది. తీరా చూస్తే తప్పు దానిది కాదు. ఎఫ్‌ట్రేస్ అనే సదుపాయం ఉంది. ఏ ఫంక్షన్ ఎప్పుడు నడుస్తోందో చూడ్డానికి అది కోడ్‌లో కొన్ని చోట్లు గుర్తుపెట్టుకుని, అవసరమైనప్పుడు అక్కడి కోడ్‌నే మారుస్తుంది. మాడ్యూలు మొదలయ్యేటప్పుడు మాత్రమే కావలసిన కోడ్‌ని కెర్నెల్ పనయ్యాక వదిలేస్తుంది. వదిలేసిన ఆ చిరునామాలు ఎఫ్‌ట్రేస్ చిట్టాలో మిగిలిపోయాయి. అవే చిరునామాల్లోకి తర్వాత కార్డు తాలూకు మెమరీ వచ్చి కూర్చుంది. ఎఫ్‌ట్రేస్ పాత కోడే అనుకుని అక్కడ రాసింది, ఆ రాత కార్డులోకి దిగింది. ఎఫ్‌ట్రేస్ రాసిన స్టీవెన్ రోస్టెడ్ తానే ముందుకొచ్చి జరిగిందంతా విప్పి చెప్పాడు. అక్టోబరు 9న 2.6.27 వెలువడింది, కొద్దిరోజులకే వచ్చిన 2.6.27.1లో ఆ డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేశారు. ఈ కథంతా చెప్పి, "చచ్చినవాణ్ణి కాదు నాయనా, రాసినవాణ్ణి వెతకాలి" అని చెయ్యి ఊపుతూ ముగించేవాణ్ణి. పిల్లలు నోట్సు రాసుకునేవాళ్లు.

అదే నేను, నా పెట్టె చస్తే, మొదట కరెంటోళ్లని అనుమానించాను. మా మెట్టలో పామాయిల్ తోటల బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ఇంట్లో బల్బు మసకబారుతుంది. పానిక్ వచ్చిన రాత్రి వోల్టేజి పడిందని గట్టిగా నమ్మాను. ఎలక్ట్రీషియన్ని పిలిపించి పెరట్లో గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గూ పోయించి కొత్త ఎర్త్ వేయించాను. స్టెబిలైజరు కొన్నాను. అంతలో మా డ్రైవర్ వాడే ఖాతాదారు దగ్గర, రెప్పపాటు కూడా కరెంటు పోని డేటా సెంటర్లో, అచ్చం అదే పానిక్. కరెంటుని వదిలిపెట్టాను. కంపైలర్ మీద కొన్నాళ్లు పడ్డాను. పాత వెర్షన్‌తో కట్టినా చచ్చింది. ఆ ముచ్చట అంతే.

అప్పుడు డంపు తెరిచాను. చచ్చిపోయే కెర్నెల్ తన మెమరీని తను దాచుకోలేదు. అందుకని కేడంప్ అనే ఏర్పాటు ఉంది. ముందే కొంత మెమరీ పక్కనపెట్టి అందులో ఇంకో చిన్న కెర్నెల్‌ని సిద్ధంగా ఉంచుతారు. పెద్దది పడిపోగానే చిన్నది లేచి, పోయినదాని మెమరీని డిస్కు మీదికి ఎత్తుతుంది. 2005లో 2.6.13తో ఇది లినక్స్‌లోకి వచ్చింది. మొదట దీనికోసం పనిచేసినవాళ్లలో ఐబీఎం ఇండియా ఇంజినీర్లున్నారు. హరిప్రసాద్ నెల్లితీర్థ పేరు ఆ డంపుని అందించే కోడ్ ఫైలు తల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. యంత్రపు గతజన్మలోని మెమరీని చూసే దారి అని ఆ ఫైల్లోనే రాసి ఉంటుంది. నా పాపమూ అందులోనే ఉంది. కళ్లెదుటే ఉంది.

చెడిన గడిని పట్టుకున్నాను. అందులో ఒక పాయింటరు 40తో ముగియాలి. 41తో ముగిసింది. మిగతా అంకెలన్నీ ఎక్కడివక్కడ సరిగ్గా ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 40కీ 41కీ తేడా ఒకే ఒక్క బిట్. ఆఖరి సున్నా ఒకటయింది. కోడ్ తప్పయితే ఎనిమిది బైట్లూ చెత్త కావాలి గానీ ఇంత నాజూగ్గా ఒక్క బిట్ మారుతుందా? ర్యామ్! దొంగ దొరికాడు! మేడమెట్లు దిగి వెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ "పోనీలే నాన్నా, అన్నం తిను" అంది.

ఇప్పుడు ప్రశాంతంగా ఆలోచించండి. సరిసంఖ్యకి ఒకటి కలిపినా మారేది ఆ ఆఖరి బిట్టే. ఎవరో ఆ గడిలోని అంకెకి ఒకటి కలిపారు, అంతే. ఒకటో తరగతి కూడిక. నాకు తట్టలేదని అనను. తట్టబోతుంటే నేనే పక్కకి తోశాను. నా డ్రైవర్లో ఒక లెక్క ఉంది. అవతలి యంత్రం నుంచి సెకనుకోసారి రావలసిన పలకరింపు రాకపోతే దానికి ఒకటి కలుపుతాను. ఒకటి కలిపేవాడు ఎవరని అడగడం మొదలుపెడితే ఆ వేలు ఎటు తిరుగుతుందో లోపలెక్కడో నాకు తెలుసు.

మా బృందంలో ఒకమ్మాయి ఉంది. తాడేపల్లిగూడెంలో 2015లో పెట్టిన ఎన్‌ఐటీలో చదువుకుంది. ఆ అమ్మాయి కాల్‌లో మెల్లిగా అడిగింది: "ఆ సర్వర్లలో ఈసీసీ ర్యామ్ కదండీ. ఒక్క బిట్ మారితే అదే సరిచేసుకుని లాగ్‌లో రాస్తుంది గదండీ. లాగ్‌లో ఏమీ లేదండీ."

నిజం. అక్షరాలా నిజం. దానికి నేను చెప్పిన జవాబు ఇది: "ఈసీసీని మరీ అంత నమ్మకూడదమ్మా. ఇవన్నీ అనుభవం మీద తెలుస్తాయి."

మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాను. ఒక్క తప్పూ చూపించలేదు. మెమ్‌టెస్ట్‌కి అందని జబ్బు అన్నాను. ఇంకో డంపు వచ్చింది. ఈసారి ఆఖరి అంకెలు 43. అంటే రెండు బిట్లు మారాలి. రెండు బిట్లు మారితే ఈసీసీ సరిచేయలేకపోయినా గగ్గోలు మాత్రం పెడుతుంది. లాగ్ మళ్లీ ఖాళీ. ఖాతాదారు దగ్గర్నుంచి వచ్చిన మరో డంపు నా మెయిల్లో తెరవకుండా పడి ఉంది; తర్వాత చూస్తే అందులో 42. ఒకటి, రెండు, మూడు. లోపల కూర్చుని ఎవరో వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు. నేను మాత్రం "రెండో స్టిక్కు కూడా పోయినట్టుంది" అని నివేదిక రాసి, హార్డ్‌వేర్ బృందానికి పంపి, వాళ్ల మేనేజరుకి కూడా ప్రతి పెట్టాను.

ఇంకో పని కూడా చేశాను. ఎందుకైనా మంచిదని నా డ్రైవర్లో, అవతలివాళ్లు సెషన్ మూసేసే దారిలో, ఒక ప్రింట్‌కే లైను పెట్టాను. ఆ లైనున్న బిల్డు వెళ్లిన వారమే ఖాతాదారు దగ్గర ర్యామ్ స్టిక్కులూ మార్చారు. పానిక్‌లు ఆగిపోయాయి. నేను గాల్లో తేలాను. నా మేడమీది పెట్టెలో ర్యామ్ మార్చలేదు, కొత్త బిల్డు మాత్రమే పెట్టాను. అదీ చావడం మానేసింది. ఈ చివరి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఇన్ని తప్పుల్లో నాకు నిద్రపట్టనివ్వనిది ఇదొక్కటే.

ప్రింట్ పెడితే బగ్ ఎందుకు దాక్కుంటుందో చెప్పాలి. కెర్నెల్ ప్రింట్ చేసిన మాట సీరియల్ కన్సోల్ మీదికి పోవాలంటే, 115200 వేగంలో ఎనభై అక్షరాలకి దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. మనకి అది లెక్కలోది కాదు; ప్రాసెసర్‌కి అది యుగం. రెండు ప్రాసెసర్లు ఒకే క్షణంలో ఒకే గడి దగ్గర తారసపడితే వచ్చే బగ్ ఇది. ఒకదాన్ని 7 మిల్లీసెకన్లు ఆపితే ఇక తారసపడవు. చూడబోతే మాయమయ్యే ఇలాంటివాటిని హైజెన్‌బగ్ అంటారు. జిమ్ గ్రే 1985లోనే, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయో రాసిన ప్రసిద్ధమైన వ్యాసంలో వీటి సంగతి చెప్పాడు. అదీ నా పాఠంలో ఉండేది.

ఇక మొక్కు. బగ్ పోతే తలనీలాలు ఇస్తానని నేను మా కొండమీది చిన్న తిరుపతి స్వామికే మొక్కుకున్నాను. పెద్ద తిరుపతి మొక్కు ఇక్కడ తీర్చుకోవచ్చు గానీ ఇక్కడి మొక్కు ఇక్కడే తీర్చాలని మా వైపు అందరూ నమ్ముతారు. పానిక్ రాకుండా కొన్ని వారాలు గడిచేసరికి నేను ఆగలేకపోయాను. తెల్లవారుజామునే కొండెక్కి గుండు చేయించుకుని, స్నానం చేసి, లోపలికి వెళ్లి నిలబడ్డాను. పుట్టలోంచి సగం మాత్రమే వెలువడిన స్వయంభూమూర్తి ముందు, వెనక రామానుజులవారు ప్రతిష్ఠించారని చెప్పే నిలువెత్తు మూర్తి. "ర్యామ్ మార్పించావు తండ్రీ" అని దణ్ణం పెట్టుకున్నాను. నిజంగా, కళ్లల్లో నీళ్లతో. భక్తిలో లోపం లేదు, ఆ మాటలో ఉంది.

ఆ రోజే పెద్ద మీటింగు. నున్నటి గుండు, నుదుట తిరునామం, మెడలో కండువా, కెమెరా ఆన్. అమెరికా నుంచి ఇద్దరు పెద్దవాళ్లు, ఖాతాదారు తరఫు మనుషులు, హార్డ్‌వేర్ బృందం మొత్తం. నేను స్లైడు తెరిచాను, 40 చూపించాను, 41 చూపించాను, ఒక్క బిట్ అన్నాను, ర్యామ్ అన్నాను, మార్చాక ఒక్క పానిక్ కూడా లేదు చూడండి అన్నాను, హార్డ్‌వేర్‌వాళ్లు కొనేముందు ఇంకాస్త పరీక్షించుకోవాలని సలహా కూడా ఇచ్చాను, ఇస్తూ ఇస్తూ గొంతు బరువు చేసుకున్నాను, అంతలో ఖాతాదారు మనిషి మైకు ఆన్ చేసి "ఒక్క నిమిషం, ఇప్పుడే మళ్లీ పడిపోయింది" అన్నాడు, ఏది అన్నాను, కొత్త ర్యామ్ వేసిన సర్వరే అన్నాడు, ఎప్పుడు అన్నాను, మీరు మాట్లాడుతుండగా అన్నాడు, కాల్‌లో ఒక్కరూ నోరెత్తలేదు, నా గుండు మీద చెమట తెర మీద మెరుస్తోంది, కెమెరా ఆపేద్దామని నొక్కితే మైకు ఆగింది, కిందనుంచి మా అమ్మ "ప్రసాదం తెచ్చావా?" అని కేకేసింది.

మైకు ఆగింది గనక ఆ ప్రసాదం మాటొక్కటీ అమెరికా దాకా పోలేదు.

నేను తేరుకోకముందే గూడెం అమ్మాయి చాట్‌లో రాసింది: "నిన్న వాళ్లు కన్సోల్ లాగ్‌లెవెల్ తగ్గించారంటండీ. మీరు పెట్టిన ప్రింట్ ఎక్కువగా వస్తోందని ఆపేశారంట. ఒకసారి కేసాన్ పెట్టి చూద్దామాండీ?"

కేసాన్ గురించి నాకు తెలియదనుకుంటున్నారా? 2015లో 4.0తో లినక్స్‌లోకి వచ్చింది. ప్రతి ఎనిమిది బైట్లకీ ఒక బైటు చొప్పున నీడ మెమరీ పెట్టుకుని, ఏది వాడుకలో ఉంది, ఏది తిరిగిచ్చేసింది అని గుర్తు వేసుకుంటుంది. కెర్నెల్ మెమరీని ముట్టుకునే ప్రతిచోటా ముందు ఆ నీడని చూసేలా కంపైలరు కోడ్ చేరుస్తుంది. తిరిగిచ్చేసిన గడిని వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా కొంతసేపు క్వారంటైన్‌లో ఉంచుతుంది. ముట్టుకున్నావా, ముట్టుకున్నది ఎవరు, ఆ గడి తీసుకున్నది ఎవరు, తిరిగిచ్చింది ఎవరు, మూడూ పేర్లతో సహా తెర మీద పెడుతుంది. నేను మొదటి రోజే చేయాల్సిన పని ఇది. యంత్రం నిదానిస్తుందన్నాను, ఎనిమిదో వంతు మెమరీ తినేస్తుందన్నాను, టైమింగు మారిపోతుందన్నాను. అన్నీ నిజాలే. అసలు కారణం వేరు. ర్యామ్ మీద నింద వేస్తే ర్యామ్ జవాబు చెప్పదు. కేసాన్ పేరు పెట్టి చెబుతుంది.

ఆ రాత్రి కేసాన్ కెర్నెల్ నడిపాం. ఏమీ రాలేదు. నా ప్రాణం కుదుటపడింది, అలా కుదుటపడినందుకు సిగ్గేసింది కూడా. ఆ అమ్మాయి మాత్రం 41, 42, 43 డంపులు మూడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. "ఎవరో ఒకటి కలుపుతున్నారండీ. మూడు దాటట్లేదండీ. మన డ్రైవర్లో మూడు పలకరింపులు పోతే సెషన్ పోయినట్టు గదండీ?" అంది. మన డ్రైవర్ అంది, మీ డ్రైవర్ అనలేదు. ఆ మర్యాదకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

తర్వాత ఆ అమ్మాయి చేసిన పని చూడముచ్చటగా ఉంది. నా కోడ్ ఒక్క అక్షరం మార్చలేదు. కేప్రోబ్స్ అని ఉంది, నడుస్తున్న కెర్నెల్లో దాదాపు ఏ ఫంక్షన్ దగ్గరైనా మన కోడ్‌ని కాపలా పెట్టే సాధనం. ఐబీఎం ఇండియా నుంచి వంశీకృష్ణ 2002 అక్టోబరులో మొదలుపెట్టినట్టు దాని కోడ్ ఫైల్లో ఉంటుంది. దాంతో నా టైమర్ ఫంక్షన్ గుమ్మంలో కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టింది. నేను పెట్టిన ప్రింట్ రెండు ప్రాసెసర్లనీ ఎడం చేస్తే, ఈ ఆలస్యం వాటిని ఎదురెదురు నిలబెట్టింది. సెషన్లు తెరుస్తూ మూస్తూ ఉండే స్క్రిప్టు ఆన్ చేసింది. టీ చల్లారలేదు, కేసాన్ అరిచింది. ముట్టుకున్నది నా టైమర్. గడి తీసుకున్నది నా సెషన్ కోడ్. తిరిగిచ్చింది నా మూసివేత కోడ్. మూడు చోట్లా నా ఫైలే.

ఏ లైను ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ కొట్టాను. టైమర్ని ఆపే లైను పక్కన నా పేరు, నా ఈమెయిలు. కమిట్ సందేశం: హ్యాంగ్ సరిచేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఒక శుక్రవారం సాయంత్రం. సెషన్ మూసేటప్పుడు టైమర్ని ఆపడానికి నేను మొదట డెల్_టైమర్_సింక్ అని సరిగ్గానే రాశాను. ఆ ఫంక్షన్, టైమర్ కోడ్ వేరే ప్రాసెసర్ మీద అప్పటికే నడుస్తుంటే అది ముగిసేదాకా ఆగుతుంది. నేను దాన్ని ఒక లాక్ పట్టుకుని పిలిచాను. టైమర్ కోడ్ కూడా అదే లాక్ కోసం చూస్తుంది. నేను టైమర్ కోసం, టైమర్ లాక్ కోసం, యంత్రం బిగుసుకుపోయింది. ఊరెళ్లే బస్సుకి టైమవుతోంది. లాక్ ఎక్కడ వదలాలో ఆలోచించాల్సిన నేను, పేరు చివరి అండర్‌స్కోర్‌నీ సింక్‌నీ చెరిపేశాను. ఇంగ్లీషులో లెక్కేస్తే ఐదు అక్షరాలు. డెల్_టైమర్ ఎవరి కోసమూ ఆగదు. వరసలో ఉన్న టైమర్ని తీసేస్తుందే గానీ అప్పటికే నడుస్తున్నదాన్ని పట్టించుకోదు. హ్యాంగ్ పోయింది. నేను సెషన్ గడిని తిరిగిచ్చేశాను. లాక్ కోసం ఆగి ఉన్న టైమర్ ఇప్పుడు లోపలికొచ్చి, పోర్టులో (టైమరూ సెషన్ చిరునామా ఉండే రికార్డులో) మిగిలిపోయిన చిరునామా పట్టుకుని లేని సెషన్‌కి ఒకటి కలిపి, మళ్లీ సెకనుకి తనని తనే వరసలో పెట్టుకుంది. తను విడిగా పెట్టుకున్న మూడు లెక్కలు పూర్తయ్యేదాకా వేరేవాళ్ల గడిలో ఒకటి, రెండు, మూడు అని కలుపుతూ పోయింది. ఆ కమిట్‌కి ఆ రోజు నాకు శభాష్ అన్నారు. బస్సు కూడా దొరికింది.

సరిచేయడానికి పెద్దగా ఏమీ పట్టలేదు. లాక్ లోపల సెషన్ చిరునామాని పోర్టు నుంచి చెరిపేసి, లాక్ వదిలి, అప్పుడు సింక్‌తో టైమర్ని ఆపి, ఆ తర్వాత గడిని తిరిగివ్వాలి. టైమర్ కోడ్ చిరునామా ఉందో లేదో చూసుకోవాలి. వరస మార్చడమే తప్ప కొత్త కోడ్ ఏమీ లేదు. ప్యాచ్ మీద ఆ అమ్మాయి పేరు పెట్టాను. బగ్ తెచ్చిన కమిట్ ఏదో రాయాల్సిన చోట నాది రాశాను. హార్డ్‌వేర్ బృందానికి క్షమాపణ మెయిలు రాస్తూ, ముందు నివేదిక ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ పంపాను. మేడమీది పెట్టె ర్యామ్ మార్చకుండానే బాగైందన్న సంగతి నాకు ముందే తెలుసని కూడా అందులో రాశాను. ఆ వాక్యం రాయడానికి మిగతా మెయిలంతా రాసినంతసేపు పట్టింది. తీసేసిన ర్యామ్ మంచిదేనని తేలి వేరే సర్వర్లలో వేసుకున్నారు. అమ్మకి చెబితే, "మరి గుండు?" అంది. బగ్ పోతేనే ఇస్తానన్న మొక్కు, పోకముందే తీర్చేశాను. జుట్టు పెరిగాక మళ్లీ వెళ్లి ఇచ్చి వచ్చాను.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. ఆపిన టైమర్ మళ్లీ తనంతట తనే లేవడం, అప్పటికే గడి తిరిగిచ్చేసి ఉండడం కెర్నెల్లో చాలాచోట్ల జరుగుతోంది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2లో టైమర్_షట్‌డౌన్_సింక్ అని కొత్త ఫంక్షన్ పెట్టారు. ఒకసారి దాంతో మూస్తే, కొత్తగా సిద్ధం చేస్తే తప్ప ఆ టైమర్ని ఇక ఎవరూ లేపలేరు. థామస్ గ్లైక్స్‌నర్‌తో కలిసి దీనికోసం పట్టుబట్టి పనిచేసింది ఎవరనుకున్నారు? 2008లో ఎఫ్‌ట్రేస్ తప్పుని నలుగురి ముందు విప్పి చెప్పిన ఆ స్టీవెన్ రోస్టెడ్డే. ఆయన కథ పిల్లలకి నేను ఇప్పటికీ చెబుతున్నాను. దాని వెంటనే నాదీ చెబుతున్నాను.

మీలో కెర్నెల్ పని చేసేవాళ్లుంటే నా మాట మన్నించి కొన్ని పనులు చేయండి. మీ కోడ్‌లో టైమర్ని ఆపి వెంటనే గడి తిరిగిచ్చే చోట్లన్నీ ఒకసారి వెతకండి. సింక్ లేకపోతే ఎందుకు లేదో కమిట్ చరిత్రలోకి వెళ్లి చూడండి. ఖాతాదారు దగ్గర కేసాన్ నడపలేమంటారా, 2021లో 5.12తో కేఫెన్స్ వచ్చింది, అసలు సర్వర్ల మీదే ఆన్ చేసి ఉంచవచ్చు. "మళ్లీ రాలేదు" అని రాసి మూసేసిన టికెట్టు ఏదైనా మీ పేరు మీద ఉంటే, ఈ వారమే దాన్ని తిరిగి తెరవండి.